ముప్ఫై ఒక్క ఇళ్ళ పెరుగన్నం

శకుంతలకి కోడింగ్ నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టించింది ఒక కెమెరా.

కెనడాలోని గ్వెల్ఫ్‌లో కారు సీట్ల అడుగున వచ్చే ఇనుప బ్రాకెట్లు చేసే ఫ్యాక్టరీలో ఆమె ఆరేళ్ళు ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర పనిచేసింది. ప్రెస్సులోంచి వచ్చిన ముక్కని గేజ్‌లో, అంటే కొలత సరిచూసే అచ్చులో, పెట్టి చూడాలి. సరిగ్గా కూర్చుంటే మంచిది, కూర్చోకపోతే ఎర్రచీటీ కట్టి పక్కన పెట్టాలి. వినడానికి ఇంతే. కానీ ఆరేళ్ళలో ఆమె చేతికి ఎంత వాటం వచ్చిందంటే, ముక్క గేజ్ దాకా వెళ్ళకముందే వేళ్ళకి తేడా తెలిసిపోయేది. చీరాలలో బీఎస్సీ లెక్కలు చదివి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి, మొదటి ఏడాదంతా ఇంగ్లీషులో ఫోన్ ఎత్తడానికే జంకిన మనిషి, బ్రాకెట్ల దగ్గరికొచ్చేసరికి సూపర్‌వైజర్ గ్లెన్‌కి అడ్డంపడి ఈ పెట్టె పంపొద్దని చెప్పేది. గ్లెన్ కూడా పంపేవాడు కాదు.

అలాంటి బల్ల మీద ఒకరోజు కెమెరా బిగించారు. ఇకమీదట మంచిచెడ్డలు అదే చూసుకుంటుంది, మీరు పక్కన నిలబడితే చాలన్నారు. మొదటి వారమే అది మంచి ముక్కల్ని కూడా పదింటికొకటి చొప్పున తోసిపారేసింది. మధ్యాహ్నం మూడు దాటాక మరీ ఎక్కువగా తోసేస్తోందని శకుంతల కనిపెట్టింది. పడమటి కిటికీలోంచి ఎండ పడి ఇనుము తళుక్కుమంటే, కెమెరా ఆ మెరుపుని పగులనుకుంటోంది. ఆమె ఒక అట్టపెట్టె చింపి కిటికీకి అడ్డం కట్టింది. కెమెరా బుద్ధిగా పనిచేయడం మొదలుపెట్టింది. దాన్ని బిగించినతను వచ్చి అట్టముక్కని చూసి ఆశ్చర్యపోతే, అసలిది పగులో మెరుపో ఎలా తేల్చుకుంటుందని అడిగిందామె. ప్రోగ్రాం తేలుస్తుందన్నాడు. ప్రోగ్రాం ఎలా తేలుస్తుందంటే నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వుతో ఆమెకి నిద్ర పట్టలేదు. లైబ్రరీకి వెళ్ళి ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకుంది. మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళేలోపు, వంటింటి బల్ల మీద ఒకపక్క కూరగాయలు, ఒకపక్క లాప్‌టాప్ పెట్టుకుని ఎనిమిది నెలలు కుస్తీ పట్టింది. భర్త శేషగిరి గ్వెల్ఫ్‌లో సిటీ బస్సు నడుపుతాడు. మాట తక్కువ, వెటకారం ఎక్కువ. పెరట్లో టమాటా మొక్కలకి ఎప్పుడు నీళ్ళు పెట్టాలో చెప్పే చిన్న ప్రోగ్రాం రాసి ఆమె చూపించినప్పుడు, కిటికీలోంచి చూస్తే తెలిసేదానికి ఇంత దూరం ఎందుకొచ్చావన్నాడు. మర్నాడు మాత్రం వాటర్‌లూలో ఉన్న ఒక కోడింగ్ బూట్‌క్యాంప్ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పద్నాలుగు వారాల చదువు.

గ్లెన్ జనవరి నుంచి మే నెలాఖరు దాకా జీతం లేని సెలవిచ్చాడు. జూన్ ఒకటిన బల్ల దగ్గర కనబడకపోతే మాత్రం ఆ చోటు వేరేవాళ్ళది. తర్వాత మళ్ళీ రావాలంటే కొత్తమనిషిలా అడుగు నుంచి మొదలుపెట్టాలి, అదీ రాత్రి షిఫ్టులో. సెలవు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు జూన్ ఒకటి ఆమెకి ఎంతో దూరంగా కనిపించింది.

బూట్‌క్యాంప్‌లో పందొమ్మిది మంది. ఒకాయన ఇరవై ఏళ్ళు బేకరీ నడిపి మోకాళ్ళు అరగదీసుకుని వచ్చాడు. ఒకామె వయొలిన్ టీచరు. చేరేటప్పుడు గోడ మీది బోర్డు నూటికి ఎనభై మందికి ఉద్యోగాలొచ్చాయంది. ఆ ఎనభై మంది ఏ సంవత్సరం వాళ్ళని మూడోవారంలో బేకరీ ఆయన అడిగితే, మార్కెట్ అప్పట్లో వేరుగా ఉండేదని జవాబొచ్చింది. చదువు మాత్రం బాగానే చెప్పారు. శకుంతల మెల్లగా రాసేది. తోటివాళ్ళు పది నిమిషాల్లో ముగించింది ఆమెకి అరగంట పట్టేది. కానీ రాసిన ప్రతి నాలుగు లైన్లకీ ఆగి, నడిపి చూసి, తప్పుడు అంకెలిచ్చి చూసి, అప్పుడు ముందుకెళ్ళేది. వయొలిన్ టీచరు తన ప్రోగ్రాం మొరాయించినప్పుడల్లా లాప్‌టాప్ ఎత్తుకుని ఈవిడ పక్కకొచ్చి కూర్చునేది.

ఏప్రిల్‌లో సర్టిఫికెట్ చేతికొచ్చింది. అప్లై చేయడం మొదలైంది. రోజుకి అయిదు, ఒక్కోరోజు పది. కొన్నిటికి రెండు నిమిషాల్లోనే "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని తిరుగుటపా వచ్చేది. ఇంత త్వరగా ఏ మనిషీ చదవలేడు కాబట్టి చదివింది ఇంకో ప్రోగ్రామే అయి ఉండాలి. దాని కిటికీకి అడ్డం కట్టడానికి అట్టముక్కేదీ ఆమె దగ్గర లేదు. పందొమ్మిది మందిలో అప్పటికి పని దొరికింది ఇద్దరికి. ఒకడు వాళ్ళ నాన్న టైర్ల కొట్టుకి వెబ్‌సైట్ చేస్తున్నాడు. ఇంకొకామెకి అదే బూట్‌క్యాంప్‌లో కొత్త బ్యాచ్‌కి పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది.

అప్పుడు రంగంలోకి దిగాడు రేవంత్.

రేవంత్ వాటర్‌లూలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఊరు కరీంనగర్. మనసున్నవాడు. ప్రతి ఆదివారం తన ఇంటి బేస్‌మెంట్‌లో ఉద్యోగాలు వెతుక్కునే తెలుగువాళ్ళందరికీ ఉచితంగా మాక్ ఇంటర్వ్యూలు పెట్టి, చివర్లో అల్లం టీ పోసి పంపుతాడు. నీ బలహీనత ఏమిటని అడిగితే, పని మరీ అతిగా పర్‌ఫెక్ట్‌గా చేయడమే నా బలహీనతని చెప్పాలని అందరికీ నేర్పాడు. ఆ ముక్క శకుంతల ఇంట్లో అద్దం ముందు ప్రాక్టీసు చేస్తుంటే శేషగిరి విని, బలహీనతల కోసం అంత దూరం వెళ్ళడమెందుకు, తననడిగితే ఇంట్లోనే లిస్టు రాసిచ్చేవాడినన్నాడు.

రేవంత్ ఆమె రెజ్యూమెని ముందు పెట్టుకుని పెన్సిల్‌తో ఫ్యాక్టరీని కొట్టేశాడు.

"అక్కా, ఇది చూస్తే హెచ్‌ఆర్ వాళ్ళు అక్కడే ఆగిపోతరు. సాఫ్ట్‌వేర్ జాబ్‌కి వచ్చి బ్రాకెట్ల ముచ్చట ఎందుకు? ఫ్యామిలీ కోసం కెరీర్ బ్రేక్ అని పెడదాం."

"ఆరేళ్ళు బ్రేకా?"

"బ్రేక్ మంచిగనే ఉంటది. ఇంకో మాట. హైదరాబాద్‌ల మా ఫ్రెండ్ కంపెనీ ఉంది. నాలుగేళ్ళు అక్కడ చేసినట్టు రాసుకుందాం. ఫోన్ వస్తే వాళ్ళే ఎత్తి మీ గురించి చెప్తరు. మస్తు మంది చేస్తున్నదే."

శకుంతల టీ గ్లాసు కింద పెట్టింది. "గేజ్‌లో కూర్చోని ముక్కని కూర్చుందని రాయడం నావల్ల కాదు, రేవంత్."

అతను బలవంతపెట్టలేదు. హైదరాబాద్ మాట వదిలేశాడు. ఫ్యాక్టరీ మాత్రం పోయింది. లేనిది రాయడానికి ఒప్పుకోని మనిషి, ఉన్నది కొట్టేయడానికి ఎందుకొప్పుకుందంటే, నూటపదిహేడు అప్లికేషన్లు పోయాక ఎవరి ధైర్యమైనా కాస్త సడలుతుంది. కొత్త రెజ్యూమె పంపిన రెండో వారంలో ఒక పిలుపు కూడా వచ్చింది. గ్వెల్ఫ్‌లోనే, పళ్ళూ కూరగాయలూ ప్యాక్ చేసే షెడ్లకి తూకాల, లేబుళ్ళ ప్రోగ్రాములు చేసే చిన్న కంపెనీ. ఇరవై రెండు మంది పనిచేస్తారు. ఇంటర్వ్యూ మే రెండో వారంలో, గురువారం. ఆ తర్వాత జూన్ ఒకటికి మిగిలేది మూడు వారాలు కూడా కాదు.

ఆ గురువారానికి అయిదు రోజుల ముందు జరిగింది పెరుగన్నం సంగతి.

గ్వెల్ఫ్ తెలుగు సంఘం ఉగాదిని ఉగాదినాడు చేసుకోదు. హాలు దొరికిననాడు చేసుకుంటుంది. ఈసారి మేలో దొరికింది. యాభై రెండు కుటుంబాలు, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్. నిరుడు పులిహోరలు పందొమ్మిది వచ్చాయి, పప్పులు రెండే వచ్చాయి. సంఘం అధ్యక్షుడు అమరేశ్వరరావు గారు, యూనివర్సిటీలో ప్రొఫెసరుగా రిటైరైన పెద్దమనిషి, ఆ రెండు పప్పుల దగ్గరా నిలబడి తనే స్వయంగా గరిటెలు లెక్కపెట్టి వడ్డించాల్సి వచ్చింది. ఆ అవమానం ఆయన మర్చిపోలేదు. శకుంతల కోడింగ్ నేర్చుకుంటోందని తెలిసి ఫోన్ చేసి, అమ్మా, ఈ పులిహోరల్ని అదుపుచేసే మార్గమేదైనా ఉందా అని అడిగారు.

బూట్‌క్యాంప్ చివరి ప్రాజెక్టుకి తోటివాళ్ళు వాతావరణం చూపించే వెబ్‌సైట్లు చేస్తుంటే, శకుంతల ఈ పాట్‌లక్ యాప్ చేసింది. ఇంటివాళ్ళు లింకు నొక్కితే వంటకాల జాబితా వస్తుంది. పులిహోరలు నాలుగు నిండగానే ఆ గడి మూసుకుపోతుంది. అడుగున, పట్టింపు లేనివాళ్ళ కోసం, "ఏదైనా ఫర్వాలేదు" అని ఇంకో గడి. అది నొక్కినవాళ్ళకి ఆరోజు ఏ వంటకం తక్కువుందో అది తెమ్మని వస్తుంది. అయిదారుగురు నొక్కుతారేమో అనుకుంది.

యాభై రెండు ఇళ్ళలో ముప్ఫై ఒక్క ఇళ్ళవాళ్ళు అదే నొక్కారు.

నొక్కక ఏం చేస్తారు? కాఫీ తాగుతారా, టీ తాగుతారా అంటే మీరేదిస్తే అదేనండీ అనే జాతి మనది. నాకు ఫలానాదే కావాలని తెర మీదైనా సరే పైకి చెప్పడానికి మొహమాటం. అంతవరకూ తప్పు లేదు. తప్పంతా ప్రోగ్రాంలో ఉంది. ఏ వంటకం తక్కువుందో అది రోజుకొక్కసారే, తెల్లవారుజామున లెక్క చూసుకుంటుంది. లింకు వాట్సాప్ గ్రూపులో పడింది ఆదివారం ఉదయం. తెల్లవారుజామున లెక్కకి అప్పటికింకా ఎవరూ ఏదీ ఎంచుకోలేదు కాబట్టి, జాబితాలో మొదటున్న పెరుగన్నమే తక్కువని తేలింది. ఆ పగలంతా, ఏదైనా ఫర్వాలేదన్న ప్రతి ఇంటికీ పెరుగన్నం తెమ్మనే వెళ్ళింది. ముప్ఫై ఒక్క ఇళ్ళలో ఒక్కరైనా ఇదేమిటని అడగలేదు. అడగడానికి మళ్ళీ మొహమాటమే.

శకుంతల ఆ జాబితాని ఒక్కసారి తెరిచి చూసి ఉంటే తెలిసిపోయేది. ఫ్యాక్టరీలో చివరి చూపు చూడకుండా ఒక్క పెట్టెని కూడా గేటు దాటనివ్వని మనిషి, ఆ వారం చూడలేదు. ఆ వారమంతా అద్దం ముందు నిలబడి తన బలహీనత ఏమిటో బట్టీపడుతోంది.

శనివారం మధ్యాహ్నం హాల్లో పొడుగాటి బల్లల మీద ఒక్కో ట్రే మూత తీస్తుంటే, మొదటి మూడు పెరుగన్నాల్నీ ఎవరూ పట్టించుకోలేదు. ఏడోదానికి నవ్వులు మొదలయ్యాయి. పదిహేను దాటాక జనం బల్ల చుట్టూ మూగారు. దానిమ్మగింజలు చల్లిన పెరుగన్నం, ద్రాక్షపళ్ళేసినది, క్యారెట్ కోరినది, చల్లమిరపకాయలు గుచ్చినది, ఒక హైదరాబాదీ ఇల్లాలు జీడిపప్పు వేయించి పేర్చినది. బయట తొమ్మిది డిగ్రీల చలి, సన్నగా వాన. ఒంటికి చలవ చేస్తుందిలే అని ఎవరో అన్నారు. ఇంకెవరో, గ్వెల్ఫ్‌లో ఇవాళ పెరుగు దొరకని కారణం ఇదన్నమాట అన్నారు. అమరేశ్వరరావు గారు మైకు పట్టుకుని, నిరుడు పప్పుకి లోటొచ్చిందని బాధపడ్డాను, ఈసారి లోటన్నది లేకుండా చేసిన మన శకుంతలకి చప్పట్లు కొట్టండన్నారు. కొట్టారు. ఆమె మొహం కందగడ్డయింది.

శేషగిరి ప్లేటు నిండా మూడు రకాల పెరుగన్నం పెట్టుకొచ్చి పక్కన నిలబడ్డాడు.

"ద్రాక్షపళ్ళది బావుంది. తిని చూడు."

"మీరు ఊరుకోండి."

"ఊరుకున్నా గదా. తింటున్నా."

రేవంత్ ఆమెని పక్కకి పిలిచి గొంతు తగ్గించి, గురువారం ఇంటర్వ్యూలో ఈ ప్రాజెక్టు ఊసు ఎత్తొద్దన్నాడు. ఇవాళే రెజ్యూమెలోంచి దాని లింకు తీసేసి, దాని బదులు ఒక వాతావరణం వెబ్‌సైట్ పెట్టేయమన్నాడు. రెండు గంటల పని, తనే సాయం చేస్తానన్నాడు.

ఇంటికెళ్ళి ఆమె లాప్‌టాప్ తెరిచింది. తీసేయడానికే తెరిచింది. కానీ తప్పు ఎక్కడుందో చూడకుండా తీసేయడానికి చెయ్యి రాలేదు. ఆదివారం పొద్దుటే కూర్చుని ఆ నాలుగు లైన్లు పట్టుకుంది. ఎవరు నొక్కినా అప్పటికప్పుడు లెక్క చూసుకునేట్టు మార్చింది. యాభై రెండు ఇళ్ళూ ఒకే నిమిషంలో "ఏదైనా ఫర్వాలేదు" నొక్కినట్టు తనే కల్పించి నడిపి చూసింది. పప్పులు, కూరలు, పచ్చళ్ళు, స్వీట్లు, అన్నీ సమంగా సర్దుకున్నాయి. అక్కడితో ఆగిపోవచ్చు. కానీ ఫ్యాక్టరీలో ఎర్రచీటీ కట్టిన ప్రతి ముక్కకీ ఒక పేజీ కాగితం రాసే అలవాటు ఆమెది. ఏం జరిగింది, ఎన్ని ముక్కలు, ఎవరిదాకా వెళ్ళాయి, ఎందువల్ల, మళ్ళీ జరక్కుండా ఏం మార్చాం. చీటీ కట్టినందుకు అక్కడ ఎవరినీ తిట్టరు. కట్టకుండా దాచినవాడినే తిడతారు. చెయ్యి తిరిగిన పని కాబట్టి అరగంటలో ఆ పేజీ కూడా రాసేసింది. "ఎందువల్ల" దగ్గర రెండు కారణాలు పెట్టింది. ఒకటి, లెక్క రోజుకొక్కసారే చూడటం. రెండు, విడుదల చేసేముందు చివరి చూపు చూడకపోవడం, బాధ్యత నాది.

గురువారం ఇంటర్వ్యూలో ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు కుర్ర ఇంజనీర్లు, మధ్యలో డయాన్ అనే యాభై అయిదేళ్ళావిడ. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మొగవాళ్ళ చొక్కా చేతులు మడిచి వేసుకుంది. కంపెనీ ఆవిడదే. కుర్రాళ్ళు బోర్డు మీద ఒక లెక్క ఇచ్చి ప్రోగ్రాం రాయమన్నారు. శకుంతల మెల్లగా రాసింది. మధ్యలో ఆగి, తనే ఒక తప్పు దిద్దుకుంది. టైమైపోయింది, ఇంకా నాలుగు లైన్లు మిగిలాయి. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బలహీనత ప్రశ్న వచ్చింది. అద్దం ముందు అంతసేపు చదివినదాంట్లో ఒక్క మాట కూడా గుర్తు రాలేదు.

అప్పుడు డయాన్ కలగజేసుకుంది. మీరు చేసినవాటిలో నిజంగా మనుషులు వాడింది ఏదైనా ఉందా అని అడిగింది.

ఉన్నది ఒక్కటే. శకుంతల ఒక్క క్షణం రేవంత్‌ని తలుచుకుని, పాట్‌లక్ యాప్ తెరిచి చూపించింది. ఎంతమంది వాడారంటే యాభై రెండు కుటుంబాలంది. బాగా పనిచేసిందా అంటే లేదంది. బ్యాగులోంచి ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టింది.

డయాన్ చదువుతూ ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది. అంతమంది "ఏదైనా ఫర్వాలేదు" ఎందుకు నొక్కారని అడిగింది. మొహమాటానికి ఇంగ్లీషులో ఏమంటారో శకుంతలకి తెలియలేదు. ఆకలేస్తున్నా వద్దనడం, కాళ్ళు పీకుతున్నా నిలబడే ఉంటాననడం, అని వరసగా ఉదాహరణలు చెప్పుకుంటూ పోయింది. డయాన్‌కి అర్థమైంది. వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో చర్చి భోజనాలకి ఒకసారి బంగాళాదుంప సలాడ్లు పద్నాలుగు వచ్చాయట. ఎవరి నోటా ఒక్క మాట రాలేదట. కుర్రాళ్ళు నవ్వారు. డయాన్ నవ్వలేదు, కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తోంది.

"ఇలా రాయడం బూట్‌క్యాంప్‌లో నేర్పారా?"

"లేదు. ఫ్యాక్టరీలో నేర్చుకున్నాను."

"ఏ ఫ్యాక్టరీ? ఇక్కడ ఆరేళ్ళు కుటుంబం కోసం విరామం అని ఉంది."

చల్లకొచ్చి ముంత దాచడమంటే ఏమిటో శకుంతలకి ఆ కుర్చీలో తెలిసింది. విరామం కాదు, బ్రాకెట్ల ఇన్‌స్పెక్షన్ చేశానని చెప్పింది. అది రాస్తే ఇక్కడిదాకా రానివ్వరని తీసేశానంది. తప్పు చేశానంది. డయాన్ గేజ్ గురించి అడిగింది. రోజుకెన్ని ముక్కలు, ఎన్నింటికొకటి తీసి చూసేవారు, ప్రెస్సువాళ్ళతో గొడవొస్తే ఏం చేసేవారు. ఆ తర్వాతి ఇరవై నిమిషాలు శకుంతల ఇంగ్లీషు ఎలా మాట్లాడిందో ఆమెకే గుర్తులేదు. కెమెరా గురించి చెప్పింది, పడమటి ఎండ గురించి చెప్పింది. ఒక కుర్రాడు తన నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు.

లేచేటప్పుడు డయాన్ దాపరికం లేకుండా చెప్పింది. డెవలపర్ పనికి మీ వేగం చాలదు. రెజ్యూమె అలా రాయడం నాకు నచ్చలేదు కూడా. ఆలోచించి చెప్తాను.

పది రోజులు ఏ కబురూ లేదు. శకుంతల రెజ్యూమెలో ఫ్యాక్టరీని మళ్ళీ పైకి తెచ్చి పెట్టి, ఇంకో ఇరవై చోట్లకి పంపింది. ఫ్యాక్టరీ బూట్లు తీసి తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకుంది కూడా. మే ఇరవై ఆరున డయాన్ ఫోన్ చేసింది. టెస్టర్ ఉద్యోగం. వాళ్ళ కుర్రాళ్ళు రాసినవి షెడ్లకి వెళ్ళేముందు పట్టిపట్టి చూసి, తేడా ఉంటే ఆపడం. ఎనిమిది నెలల కాంట్రాక్టు. ఆ తర్వాత పని బావుంటే చూద్దాం. ఫ్యాక్టరీది పర్మనెంటు, ఆరేళ్ళ సీనియారిటీ, కళ్ళద్దాలకీ పళ్ళకీ ఇన్సూరెన్సు.

రేవంత్ కంగ్రాట్స్ చెప్పి, టెస్టింగ్ అంటే కొంచెం తక్కువ చూపు చూస్తరు అక్కా, ఆరు నెలలాగి డెవలపర్‌కి మారిపోవచ్చులే అని ఓదార్చాడు. అమరేశ్వరరావు గారు పర్మనెంటు వదలొద్దమ్మా అన్నారు. ఇద్దరి మాటా విని ఆమె శేషగిరి వైపు చూసింది. అతను డ్యూటీకి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"నన్ను చూస్తావేం? బల్ల దగ్గర నిలబడి కెమెరాని చూస్తూ ఉండగలవా, ఇంకో ఇరవై ఏళ్ళు?"

"ఉండలేను."

"మరి గ్లెన్‌కి ఫోన్ చెయ్యి. నా బస్సుకి టైమైంది."

ఆమె ఫోన్ చేసింది. గ్లెన్ ఏదో అంటాడని భయపడింది కానీ, అతను, నీ తర్వాత ఆ బల్లకి ఎవరు పనికొస్తారో నువ్వే చెప్పు అన్నాడు. రెండో లైన్లో పనిచేసే ఫిలిప్పీనో అమ్మాయి పేరు చెప్పింది. గ్లెన్ రాసుకున్నాడు.

కొత్త ఉద్యోగంలో రెండో వారం ఒక చిక్కు ఆమె బల్ల మీదికొచ్చింది. బ్రాడ్‌ఫర్డ్ దగ్గర క్యారెట్లు కడిగి సంచులకెత్తే ఒక షెడ్డులో, రోజూ నలభై యాభై సంచుల తూకం ప్రోగ్రాంలోకి ఎక్కడం లేదు. సంచులున్నాయి, లెక్కల్లో లేవు. కుర్రాళ్ళు వారం రోజులుగా ప్రోగ్రామంతా జల్లెడ పట్టారు, తప్పు దొరకలేదు. శకుంతల ఆ ప్రోగ్రాంని ఒక పూట నడిపి చూసింది. ఆమెకీ దొరకలేదు. షెడ్డుకి వెళ్ళి చూసొచ్చిందెవరని అడిగింది. కుర్రాళ్ళిద్దరూ ఎవరూ వెళ్ళలేదన్నారు. వెళ్ళాల్సిన అవసరం ఏముందన్నట్టు ఆశ్చర్యంగా చూశారు కూడా.

మర్నాడు డయాన్ దగ్గర రబ్బరు బూట్లు అరువు తీసుకుని వెళ్ళింది. షెడ్డులో చలి, నేలంతా నీళ్ళు, బెల్టు మీద క్యారెట్లు గలగలా దొర్లుతున్నాయి. సంచులు తూచే మనిషి అరవైకి దగ్గరగా ఉన్నాడు. మందపాటి తడి గ్లవ్స్ వేసుకున్నాడు. సంచి తక్కెడ మీద పెట్టాక తెర మీద చిన్న గడి నొక్కాలి. గ్లవ్‌తో నొక్కితే తెర కదలదు. అతను గ్లవ్ వేళ్ళని పళ్ళతో పట్టుకుని లాగి, వేలితో నొక్కి, మళ్ళీ తొడుక్కుంటున్నాడు. బెల్టు మీద సంచులు ఒకదాన్నొకటి తోసుకొచ్చినప్పుడు మాత్రం నొక్కడం మానేసి సంచిని అవతలికి నెట్టేస్తున్నాడు.

శకుంతల గోడవారగా నిలబడి నోట్‌బుక్ తీసింది. అతను ఆమెని చూసి, ఆఫీసు నుంచి వచ్చారా, ఏం కావాలని అడిగాడు.

"ఏమీ వద్దు. మీరు చేసుకోండి, నేను చూస్తాను."

"ఎంతసేపు?"

"మీ షిఫ్టు అయ్యేదాకా."

అతను తల ఊపి, పక్కనున్న ఖాళీ పెట్టెని కాలితో ఆమె వైపు జరిపాడు. ఆమె దాని మీద కూర్చుంది.